పొలం పంపకం మాట వచ్చినప్పుడు అన్నాచెల్లెళ్లు తెగతెంపులు చేసుకోకుండా మాట్లాడుకోవడం ఎలా

నాన్న పోయి ఏడాది తిరిగాక చాలా ఇళ్లల్లో వచ్చే టాపిక్కే ఇది. ఊళ్లో ఉండి సాగు చేసుకునే అన్న, హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండే తమ్ముడు, పెళ్లై వెళ్లిపోయిన చెల్లి. మొదటి పావుగంట బాగానే నడుస్తుంది, ఈలోపు ఎవరో ఒకరు "నీకు కట్నం ఇచ్చాం కదా" అంటారు, ఇంకంతే, ఆ సంక్రాంతికి పుట్టింటి గడప తొక్కేవాళ్లుండరు.

కూర్చునే ముందే చట్టం ఏమంటుందో అందరూ తెలుసుకోండి, సగం అరుపులు అక్కడే తగ్గుతాయి. నాన్న సొంతంగా కొన్నది, వీలునామా రాయకుండా పోతే, అమ్మకీ కొడుకులకీ కూతుళ్లకీ సమాన వాటాలు, నానమ్మ బతికుంటే ఆవిడకీ ఒకటి. ఇది 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉన్నదే. పిత్రార్జితంలో అయితే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే పెళ్లికాని కూతుళ్లకి హక్కు ఇచ్చారు, 2005లో దేశమంతా కూతుళ్లందరికీ వచ్చింది, నాన్న 2005కి ముందే పోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతిగా రిజిస్టరై అయిపోయిన పంపకాల్ని మాత్రం తిరగదోడరు. కట్నం ఇచ్చామనో పసుపు కుంకుమ కింద ఏదో పెట్టామనో అంతమాత్రాన కూతురి వాటా పోదు.

సరే, హక్కు సంగతి తేలింది, అయినా గొడవ ఆగదు. ఎందుకంటే పైకి ఎకరాల లెక్క మాట్లాడుతున్నా లోపల నడిచేది వేరే లెక్క. అన్న మనసులో ఏముంటుందంటే తను పదో తరగతితో చదువు ఆపేసి నాగలి పట్టాడు, రోడ్డు పక్క ఎకరం అమ్మి తమ్ముడిని ఇంజనీరింగ్ చదివించారు, బోర్లు రెండు ఫెయిలైతే ఆ అప్పు తనే కట్టాడు, అర్ధరాత్రి అమ్మకి ఆయాసం వస్తే ఆటో మాట్లాడింది కూడా తనే. చెల్లికేమో "నువ్వు పరాయి ఇంటి పిల్లవి" అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంటుంది. ఇవన్నీ బయటికి రాకుండా పర్సెంటేజీలు మాట్లాడితే ఏ పర్సెంటేజీకీ ఎవరూ ఒప్పుకోరు.

అందుకే ఫస్ట్ సిట్టింగ్‌లో వాటాల మాటే ఎత్తొద్దు. అమ్మ, తోబుట్టువులు, అంతే. (కోడళ్ల మీదా అల్లుళ్ల మీదా నెపం తోసేయడం మనకి అలవాటు గానీ వాళ్లు లేకపోయినా మనం బాగానే కొట్టుకోగలం, ఐతే మొదటిరోజు మనుషులు తక్కువుంటే పరువు కోసం బిగుసుకోవడం తగ్గుతుంది.) వాట్సాప్ గ్రూప్‌లో అస్సలొద్దు, అక్కడ "ఓకే" అని ఒక్క ముక్క పెట్టినా కోపంగా పెట్టారనుకుంటారు.

చెల్లి ఇలా మొదలుపెట్టొచ్చు, "అన్నయ్యా, నాన్న పోయాక పొలానికీ అమ్మ మందులకీ నువ్వెంత పెట్టావో నాకు సరిగ్గా తెలీదు, ఒకసారి చెప్పు". చెప్తుంటే మధ్యలో అడ్డుపడకుండా, అయిపోయాక "అంటే బోరు అప్పు నువ్వే తీర్చావు, హాస్పిటల్ బిల్లు కూడా నీదే, తమ్ముడు సగం పంపిస్తానని పంపలేదు, ఇంతేనా, ఇంకేమైనా వదిలేశానా?" అని తిరిగి చెప్పండి. తిరిగి చెప్పినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. అవతలి మనిషి "ఆ, అదే" అనేదాకా మీ వాదన మొదలుపెట్టొద్దు, ఆ తర్వాత వంతు మార్చుకోండి, అన్న కూడా చెల్లి విషయంలో ఇదే చేయాలి.

రెండోసారి కూర్చున్నప్పుడు "ఎంత కావాలి" అని కాకుండా "ఎందుకు కావాలి" అని అడగండి. అన్నకి కావాల్సింది బతుకుతెరువు, చెల్లికి బహుశా వచ్చే జూన్‌లో కూతురి కాలేజీ ఫీజు, తమ్ముడికి ఊళ్లో తన పేరున ఒక ముక్క ఉంటే చాలేమో. అలా తెలిస్తే దారులు కనిపిస్తాయి: పొలం అన్న ఉంచుకుని చెల్లి వాటాకి రేటు కట్టి పంట పంటకీ ఇంత అని ఇవ్వడం, లేదా చెల్లి పేరున రాసేసి అన్నే కౌలుకి చేసుకోవడం. ముక్కలు చేయాల్సే వస్తే ఒకరు భాగాలు వేయాలి, మిగతావాళ్లు ముందు ఎంచుకోవాలి, భాగాలు వేసినవాళ్లది ఆఖరి వంతు, అప్పుడు రోడ్డు పక్కదీ లోపలిదీ సరిచూసి మరీ పంచుతారు.

అమ్మ వాటా అమ్మదే, దాన్ని ఏం చేయాలనుకుంటుందో ఆవిడని పిల్లలెవరూ పక్కన లేనప్పుడు అడిగించండి.

కుదరకపోతే నేరుగా దావా వేయకండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్తే కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేస్తారు, ఫీజు లేదు, అక్కడిచ్చే అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీల్ ఉండదు కాబట్టి చదువుకునే సంతకం పెట్టండి.

కుదిరితే మాత్రం నోటిమాటతో వదిలేయకుండా పంపకం దస్తావేజు రిజిస్టర్ చేయించండి, ఎవరైనా వాటా వదులుకుంటే దానికి వేరే రిలీజ్ డీడ్, అది కూడా రాఖీ కట్టిన పూటే చేతిలో పెన్ను పెట్టి కాకుండా చదువుకోడానికి నాలుగు రోజులు టైమిచ్చి. సర్వేయర్ వచ్చే రోజు అందరూ గట్టు మీద ఉండాలి, డల్లాస్ తమ్ముడికైతే వీడియో కాల్‌లో హద్దురాళ్లు ఒక్కొక్కటీ చూపించండి.