ఇంట్లో ఆఫీసు – 3వ పాఠం: బల్ల కొనేముందు టేపు తీయండి

మొదటి పాఠంలో ఇంట్లో చోటు ఎంచుకున్నాం. రెండో పాఠంలో కరెంటు, ఇంటర్నెట్ సంగతి చూశాం. ఆ పాఠం చివర ఇచ్చిన పని, అంటే కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడవాల్సిన వాటి వాట్లు కూడటం, చేసే ఉంటారు. ల్యాప్‌టాప్‌కు 65, మామూలు సీలింగ్ ఫ్యానుకు 75, ట్యూబ్‌లైటుకు 20, రౌటర్‌కు 10 వేసి కూడితే 170 వాట్లు వస్తాయి. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) బ్యాటరీతో ఇన్వర్టర్ ఉండి, ఆ బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే, ఈ లోడు మీద సుమారు ఆరు గంటలు నడుస్తుంది. మీ లెక్క ఇంతకంటే బాగా ఎక్కువ వస్తే, ఆ లైను మీద ఫ్రిజ్ లాంటిదేదో ఉందేమో చూసుకోండి. ఛార్జింగ్‌లో ఉండగా ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందా అని కూడా చూడమన్నాను. అలా అనిపిస్తే చాలావరకు అది ఎర్తింగ్ లోపమే. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆ ప్లగ్గు వాడొద్దు.

ఈ పాఠం మన ఒంటి గురించి. ఇది మొదటి పాఠంగానే పెట్టాల్సింది. కానీ చోటు తేలకుండా కొలతలు తీసుకున్నా వాడుకునే వీలుండదని మూడో పాఠం దాకా ఆపాను.

2020 మార్చిలో, లాక్‌డౌన్‌కు రెండు మూడు రోజుల ముందు, హైదరాబాద్ నుంచి తెనాలిలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాను. తమ్ముడూ వచ్చాడు. ఇద్దరం డైనింగ్ టేబుల్‌కు చెరో పక్క కూర్చుని పని మొదలుపెట్టాం. ఎన్నాళ్ళులే, రెండు వారాలేగా అనుకున్నాం. జూన్ వచ్చేసరికి నా కుడి భుజం నుంచి మెడ దాకా ఒకటే లాగుడు. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయేదాన్ని. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే ఆవిడ నా చెయ్యి పట్టుకోకముందే అడిగారు: “మీరు పనిచేసే బల్ల ఎత్తెంతండీ?” నాకు తెలియదు. రోజుకు పది గంటలు దాని ముందు కూర్చుంటున్నాను, ఎత్తెంతో ఎన్నడూ చూడలేదు. “ఇంటికెళ్ళి కొలిచి చెప్పండి, ఎక్సర్‌సైజులు ఆ తర్వాత చెప్తాను” అన్నారు.

నాన్న టేపు పట్టుకుని కొలిచారు. బల్ల నేల నుంచి 30 అంగుళాలు. నేను పాదాలు నేలకు ఆనించి సరిగ్గా కూర్చుంటే నా మోచేతులు ఉండేది 25 అంగుళాల దగ్గర. ఆ తేడా అంతా నా భుజాలు మోస్తున్నాయి. చేతులు బల్ల మీదికి చేరాలంటే భుజాలు చెవుల వైపు లేవాలి, అలా లేచినవి రాత్రి దాకా దిగేవి కావు. బజారులో దొరికే డైనింగ్ టేబుళ్ళు చాలావరకు 30 అంగుళాలు, ఆఫీసు బల్లలు 29 దాకా ఉంటాయి. అయిదడుగుల మూడు అంగుళాల మనిషి టైపు చేయడానికి అవి రెండూ ఎత్తే.

ఇప్పుడు మీ కొలతలు తీద్దాం. రెండు కొలతలు చాలు. అయితే వేరే మనిషి సాయం కావాలి, ఎవరి కొలత వాళ్ళు తీసుకోబోతే ఒంగాల్సి వస్తుంది, అంకె తప్పుతుంది.

చెప్పులు విప్పి, గట్టి స్టూలు మీద కూర్చోండి. సోఫా, మంచం పనికిరావు, దిగబడతాయి. తొడలు నేలకు సమాంతరంగా, పిక్కలు నిటారుగా ఉండాలి. స్టూలు ఎత్తయితే పాదాల కింద పుస్తకాలు పెట్టుకుని, వాటి పైనుంచే కొలవండి. పాదం ఆనిన చోటి నుంచి మోకాలి వెనక మడత దాకా మొదటి కొలత. ఇది మీ కుర్చీ ఎత్తు. ఇక భుజాలు పూర్తిగా వదిలేయండి. ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి వదిలితే వాటంతట అవే దిగుతాయి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ముంజేతులు ముందుకు చాపండి. మీరు కూర్చున్న పలక నుంచి మోచేతి కింది భాగం దాకా రెండో కొలత. నాకు మొదటిది 16 అంగుళాలు, రెండోది 9. తమ్ముడికి పదిహేడున్నర, తొమ్మిదిన్నర. వాడు నాకంటే అర అడుగు పొడుగు.

రెండూ కూడి, కీబోర్డు మందం కోసం ఒక అంగుళం తీసేయండి. అది మీ బల్ల ఎత్తు. నాకు 24, తమ్ముడికి 26.

బల్ల ఒకటే, కూర్చునేవాళ్ళు ఇద్దరు అయినప్పుడు ఎవరి కొలతకు చేయించాలి? పొడుగు మనిషి కొలతకు. బల్ల పొట్టిదైతే పొడుగువాళ్ళు నడుం వంచి కూర్చోవడం తప్ప దారి లేదు, మోకాళ్ళు కూడా పట్టవు. బల్ల ఎత్తయితే పొట్టివాళ్ళు కుర్చీలో ఏదైనా వేసుకుని పైకి లేవచ్చు, అంతే మందాన పాదాల కింద పీట వేసుకోవచ్చు. మా బల్ల 26 అంగుళాలకు పెట్టించాం. నేను కూర్చునేటప్పుడు కుర్చీలో నాలుగు మడతల బొంత, కాళ్ళ కింద రెండంగుళాల పీట. అమ్మ పూజ దగ్గర వేసుకునే పాత పీట అది, ఇప్పటికీ నా బల్ల కిందే ఉంది. బొంత ఎందుకంటే, స్పాంజి దిండు అరగంటలో నలిగి కిందికి దిగిపోతుంది, బొంత దిగదు.

పీట లేకుండా కుర్చీ ఒక్కటే ఎత్తు పెంచకండి. పాదాలు వేలాడితే కుర్చీ అంచు తొడల కింద నొక్కి, గంటలోపే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు: భుజం నొప్పి తగ్గించబోయి కాళ్ళ నొప్పి తెచ్చుకుంటారు.

బల్ల కొత్తగా చేయించేవాళ్ళకు నా సలహా గోడ బల్ల. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ప్లైవుడ్ పలక, ముప్పావు అంగుళం మందం, కింద మూడు ఎల్ బ్రాకెట్లు. కాళ్ళు ఉండవు, ఊడ్చుకోవడం తేలిక, ఎత్తు మీ ఇష్టం. మా వీధి చివర వడ్రంగి బాబాయికి చెప్తే ఆయన ఒప్పుకోవడానికి కొంచెం సమయం పట్టింది. “టేబులంటే ముప్ఫై అంగుళాలమ్మా, ఇరవై ఆరంటే చిన్నపిల్లల బల్లలా ఉంటుంది” అన్నాడు. “కూర్చుని చూపిస్తాను బాబాయ్, నువ్వే చూడు” అని స్టూలు మీద కూర్చుని చేతులు చాపాను. ఆయన టేపు పెట్టి చూసుకుని ఇంకేమీ అనలేదు. మీరు చేయించేటప్పుడు రెండు విషయాలు గట్టిగా చెప్పండి. 26 అంగుళాలంటే పలక పైభాగానికి, బ్రాకెట్‌కు కాదు. మాకు మొదట పలక మందం కలపకుండా బ్రాకెట్లు బిగించేశాడు, విప్పి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. రెండోది, కూర్చునే చోట పలక కింద సొరుగు వద్దు. కాగితాలు పెట్టుకోవడానికి బాగుంటుందనిపిస్తుంది కానీ తొడలకూ బల్లకూ మధ్య ఉండే చోటంతా అది తినేస్తుంది. సొరుగు కావాలంటే పక్కన విడిగా పెట్టించుకోండి.

అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టనివ్వరు అనేవాళ్ళు ఉన్న బల్లతోనే బొంత, పీట పద్ధతి వాడుకోండి. తేడా నాలుగు అంగుళాలు దాటితే అది కుదరదు, కుర్చీ మీద నిలకడ పోతుంది. అప్పుడు చెక్క బల్ల మీ సొంతమైతే కాళ్ళు కోయించడం మేలు. కోసే ముందు మాత్రం ఇంట్లో ఇంకెవరు వాడతారో అడిగి, వాళ్ళనూ కొలవండి.

కుర్చీ గురించి ఎక్కువ చెప్పను. ఎత్తు మార్చుకునే కుర్చీ కొనగలిగితే కొనండి, మంచిదే. లేకపోయినా ఫరవాలేదు. వెనక్కి ఆనుకుని కూర్చున్నప్పుడు మోకాలి వెనక మూడు వేళ్ళు పట్టే ఖాళీ ఉండాలి, నడుం లోపలికి వంగే చోట చుట్టిన టవలు ఒకటి పెట్టుకోవాలి. కుర్చీ చేతులు బల్లకు తగిలి మిమ్మల్ని దూరంగా ఆపుతుంటే ఆ కుర్చీ ఈ పనికి వద్దు. కొత్త కుర్చీ మీద డబ్బు పెట్టేముందు విడి కీబోర్డు, మౌస్ కొనండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో తెర, కీలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కీలు చేతులకు సరిపోయే ఎత్తులో పెడితే తెర కిందికి పోయి మెడ వంగుతుంది. తెర కళ్ళకు సరిపోయేలా లేపితే చేతులు గాల్లోకి లేస్తాయి. మనిషి తల బరువు దాదాపు 5 కిలోలు. నిటారుగా ఉంటే వెన్నెముక దాన్ని తేలిగ్గా మోస్తుంది, ముందుకు వాలినకొద్దీ మెడ వెనక కండరాలు పట్టి ఆపాలి. పూర్వం కరణాలు, కొట్లలో గుమాస్తాలు నేల మీద కూర్చుని రాసినా, ముందున్న బల్ల వాలుగా ఉండేది. కాగితం కంటికి ఎదురుగా వచ్చేది. మనం ల్యాప్‌టాప్‌ను చదునుగా పెట్టుకుని ఆ వాలు పోగొట్టుకున్నాం.

విడి కీబోర్డు వచ్చాక ల్యాప్‌టాప్‌ను పైకి లేపండి. నిటారుగా కూర్చుని నేరుగా చూస్తే తెర పై అంచు కంటి ఎత్తులో, లేదా కొంచెం కిందుగా ఉండాలి. నాకు పది అంగుళాలు లేపాల్సి వచ్చింది. అంత ఎత్తుకు పుస్తకాల దొంతర ఊగుతుంది, చిన్న చెక్క పెట్టె నయం. అడుగున గాలి రంధ్రాలు మూసుకోకుండా చూడండి. దూరం సుమారు చెయ్యి చాపినంత. బైఫోకల్, ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలవాళ్ళకు ఈ లెక్క మారుతుంది. వాళ్ళు అద్దం కింది భాగంలోంచి చూస్తారు కాబట్టి తెర ఎత్తయితే గడ్డం పైకెత్తాలి. మా నాన్నకు తెర మూడు అంగుళాలు దించాకే మెడ నొప్పి తగ్గింది.

వెలుతురు. కిటికీ ఎదురుగా ఉంటే కళ్ళు చెదురుతాయి, వెనక ఉంటే తెర మీద మెరుపు పడుతుంది, వీడియో కాల్‌లో మీ మొహం నల్లగా కనిపిస్తుంది. కిటికీ పక్కన ఉండాలి. తూర్పు ముఖంగా కూర్చోవాలని మనలో చాలామందికి పట్టింపు. దానికి అడ్డేమీ లేదు. తూర్పుకు తిరిగితే ఎడమ పక్క ఉత్తరం వస్తుంది, మన ప్రాంతంలో ఉత్తరపు కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ నేరుగా పడదు, నిలకడైన వెలుతురు వస్తుంది. మే నుంచి జులై దాకా సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు, అప్పుడు ఉదయం, సాయంత్రం కర్టెన్ వేసుకోండి.

అమెరికా కంపెనీలకు పనిచేసేవాళ్ళకు పగటి వెలుతురు కంటే రాత్రి దీపమే ముఖ్యం. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వాళ్ళ వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. అక్కడి నుంచి అర్ధరాత్రి దాకా పని. గదిలో లైటు ఆర్పి తెర ఒక్కటే వెలిగించుకుని కూర్చోవద్దు. తెర వెనక గోడ మీద పడేలా చిన్న లైటు ఒకటి వేసుకుంటే, చుట్టూ ఉన్న చీకటికీ తెరకూ తేడా తగ్గి కళ్ళు మండవు. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలో దేన్నైనా 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్తారు. గది చిన్నదైతే గుమ్మంలోంచి హాలు అవతలి గోడ చూసినా చాలు.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో పనిచేసే ప్రతి మనిషివీ రెండు కొలతలు తీసి, తలుపు వెనక పేరుతో సహా పెన్సిల్‌తో రాయండి. ఇప్పుడున్న బల్లను, కుర్చీని కొలిచి పక్కనే రాయండి. కుర్చీని మాత్రం ఎవరో ఒకరు కూర్చుని ఉండగా కొలవాలి, ప్లాస్టిక్ కుర్చీ బరువుకు దిగుతుంది. తర్వాత బొంత, పీట, చెక్క పెట్టె సర్ది మూడు రోజులు పనిచేయండి. రోజూ సాయంత్రం ఎక్కడ లాగుతోందో ఒక్క మాట రాసుకోండి: మెడ, భుజం, మణికట్టు, నడుం, తొడల కింద. లాగే చోటును బట్టి ఒకసారికి ఒక్కదాన్నే, అర అంగుళం చొప్పున మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. చేతి వేళ్ళు మొద్దుబారడం, చెయ్యంతా జలదరించడం ఉంటే మాత్రం సర్దుబాట్లతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించండి.

మూడో రోజు రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి, నాలుగో పాఠంలో మళ్ళీ కావాలి. ఆ పాఠం చప్పుడు గురించి: మైకులోకి దూరే ఫ్యాను హోరు, వంటింట్లోంచి వచ్చే కుక్కరు విజిలు, పక్కింటి టీవీ.