బుడమేరు వరదలో తాగునీళ్లు ఎలా చూసుకున్నామంటే

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ మునిగినప్పుడు మా వీధిలో నడుము లోతు నీళ్లు. కరెంటు లేదు, ఆర్వో మిషన్ పనిచేయదు, సంపులోకి మురుగు చేరింది. ఇంట్లో చంటిపిల్ల ఉంది. టెన్షన్ మామూలుగా లేదు.

డాబా మీది ట్యాంకు మాత్రం మునగలేదు. వెంటనే కింది కుళాయిలకు వెళ్లే వాల్వు కట్టేసి, ఆ నీళ్లు తాగడానికీ వంటకీ మాత్రమేనని అందరికీ చెప్పాను. గీజరులోనూ కొన్ని నీళ్లు నిలవుంటాయి, ఈ సంగతి చాలామందికి తట్టదు.

నీళ్లను మడతపెట్టిన నూలు పంచెలో వడగట్టి, గ్యాస్ మీద మరిగించాం. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే రోగక్రిములు చస్తాయి. మూతపెట్టి చల్లార్చి, గ్లాసు ముంచకుండా వంచుకుని తాగాం. పడవలో వచ్చినవాళ్లు క్లోరిన్ బిళ్లలు ఇచ్చారు. ఒక్కో బిళ్ల ఎన్ని లీటర్లకో అట్ట మీద చూసే వేయాలి, వేశాక అరగంట ఆగాలి.

వరద నీళ్లు మాత్రం మరిగించినా తాగొద్దు. అందులో కలిసిన పెట్రోలు, పురుగుమందులు మరిగిస్తే పోవు. పక్కింటి పిన్నిగారు పటిక వేసి తేర్చుకుంటానన్నారు. పటిక మట్టిని దించుతుందే గానీ క్రిముల్ని చంపదండీ అని చెప్పి, మా ట్యాంకు నీళ్లే ఒక బిందె ఇచ్చాం.