స్టాటిన్ వాడేవారు జన్యు పరీక్షను ఎప్పుడు, ఎందుకు చేయించుకోవాలి

స్టాటిన్లు కొలెస్ట్రాల్‌ను తగ్గించే మందులు. ఒకే స్టాటిన్‌ను ఒకే మోతాదులో వాడినా, ఒకరిలో ఎల్‌డీఎల్ (చెడు) కొలెస్ట్రాల్ సగానికి పడిపోవచ్చు, మరొకరిలో కొద్దిగానే తగ్గవచ్చు, ఇంకొకరు కండరాల నొప్పులు భరించలేక మందే మానేయవచ్చు. ఈ తేడాలలో జన్యువులకు పాత్ర ఉన్నప్పటికీ, ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి.

మందు మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాలలో లిపిడ్ పరీక్ష (రక్తంలోని కొలెస్ట్రాల్, కొవ్వుల పరీక్ష) మళ్లీ చేయించుకోండి. ఫలితం నిరాశపరిస్తే, మాత్రలు క్రమం తప్పకుండా వేసుకున్నారో లేదో నిజాయితీగా చూసుకోండి. నొప్పులుంటే క్రియాటిన్ కైనేజ్ (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), థైరాయిడ్ పరీక్షలు అవసరమేమో అడగండి. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వంటి మందులు కొన్ని స్టాటిన్ల స్థాయిని రక్తంలో పెంచుతాయి కాబట్టి, వాడుతున్న మందులన్నీ వైద్యునికి చెప్పండి.

నొప్పులకు ఇవేవీ కారణం కాదని తేలినప్పుడు ఎస్‌ఎల్‌సీఓ1బీ1 జన్యువు గురించి అడగడం సమంజసం. స్టాటిన్‌ను రక్తం నుంచి కాలేయ కణాలలోకి చేర్చే ప్రొటీన్ ఈ జన్యువు ఆధారంగానే తయారవుతుంది. అందులోని ఒక మార్పు వల్ల ఆ చేరవేత మందగించి, మందు రక్తంలో ఎక్కువగా నిలిచి, కండరాలకు హాని కలిగే అవకాశం పెరుగుతుంది. సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్‌ను రోజుకు 80 మిల్లీగ్రాములు వాడినవారిపై 2008లో వెలువడిన అధ్యయనంలో, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఈ జన్యువు రెండు ప్రతులలోనూ ఈ మార్పు ఉన్నవారికి కండర వ్యాధి ముప్పు, అసలు లేనివారికంటే సుమారు 17 రెట్లు ఎక్కువగా కనిపించింది. మిగతా స్టాటిన్లతో ఈ సంబంధం ఇంత బలంగా లేదు. అందువల్ల మార్పు ఉందని తెలిస్తే స్టాటిన్లకే దూరం కావలసిన పని లేదు. మరో స్టాటిన్‌కు మారడమో, మోతాదు తగ్గించడమో వైద్యునితో నిర్ణయించుకోవాలి. సొంతంగా మానేయడమే అసలైన ప్రమాదమని నా గట్టి అభిప్రాయం. రోసువాస్టాటిన్ అనే మరో స్టాటిన్ విషయంలో ఏబీసీజీ2 జన్యువును కూడా చూస్తారు; దాని పనితీరు తగ్గినవారికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం మేలు.

ఎల్‌డీఎల్ ఎంత తగ్గుతుందో మాత్రం ఈ పరీక్షలు అంత బాగా చెప్పలేవు. చికిత్సకు ముందే ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 190 మిల్లీగ్రాములు దాటి, కుటుంబంలో చిన్న వయసులోనే గుండెజబ్బులు ఉంటే, వంశపారంపర్య హైపర్‌కొలెస్టెరోలీమియా (పుట్టుకతోనే ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండే జన్యు లోపం) ఉందేమో పరీక్షించాలి. స్టాటిన్ ప్రధానంగా కాలేయంలోని ఎల్‌డీఎల్ గ్రాహకాలను (రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాగేసే ప్రొటీన్లను) పెంచడం ద్వారా పనిచేస్తుంది కాబట్టి, ఆ గ్రాహకపు జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్నవారిలో దాని ప్రభావం చాలా తగ్గిపోతుంది. ఒక్క ప్రతి దెబ్బతిన్నవారిలో మందు పనిచేస్తుంది గాని, మొదటి స్థాయే ఎక్కువ కనుక ఎజెటిమైబ్ లేదా పీసీఎస్‌కే9 నిరోధకాలు అనే ఇతర కొలెస్ట్రాల్ మందులు తోడు కావలసి రావచ్చు. వారి పిల్లలలో ప్రతి ఒక్కరికీ ఆ లోపం వచ్చే అవకాశం 50 శాతం. వారికి కూడా పరీక్ష చేయించండి.