జేజినాయన రివాల్వర్‌కు తూటా దొరకదని ఎలా తేలింది

జేజినాయన పోయాక ఆయన రివాల్వర్‌ను చట్టం ప్రకారం కడపలో లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర డిపాజిట్ చేశాం. వారసత్వ లైసెన్స్ నా పేరు మీదికి వచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. ఇది ఏ తుపాకీ? దీనికి ఏ తూటా?

ఇంట్లో అందరూ 'ముప్పైరెండు' అనేవాళ్ళు, అంటే .32 సైజు తూటా పట్టేదని. డీలర్ మొదట అది ఖాళీగా ఉందని చూసి, భూతద్దం తీశాడు. పైన 'పి. వెబ్లీ అండ్ సన్' అని ఉంది. ఆ కంపెనీ 1897లో వెబ్లీ అండ్ స్కాట్ అయింది కాబట్టి ఇది అంతకుముందుది. గొట్టం మీద '320' అంకె, అంటే .320 అనే పాత సైజు.

"అన్నా, చూడు, ఇది వేరే తూటా," అన్నాడు. ఇప్పుడు మన దగ్గర అమ్మే .32 తూటా స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్ రకం. దాని కేసు (తూటా లోహపు గొట్టం) .320 కంటే లావు, అందుకే ఈ చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే రంధ్రంలోకి, దిగదు. ఆ రంధ్రాలుండే సిలిండర్‌ను తొలిచి పట్టించమని చెప్పేవాళ్ళుంటారు. ఆ పని అస్సలు చేయించొద్దు, గోడలు పలచబడి చేతిలోనే పేలొచ్చు.

ఇంకో సంగతి పరీక్ష ముద్రలు. తుపాకులను పరీక్షించి ముద్ర వేసే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1904 నుంచి పొగలేని తుపాకీమందుకు పరీక్షించిన వాటిపై కిరీటం కింద 'ఎన్‌పీ' (నైట్రో ప్రూఫ్) వేసేది. మా దాని మీద అది లేదు. అంటే పాత నల్ల తుపాకీమందు కాలం నాటిది, నేటి తుపాకీమందు ఒత్తిడికి పరీక్షించినట్టు ఆధారమే లేదు.

కాల్చకూడదని నిర్ణయించుకున్నాను. నూనె పట్టించి, లైసెన్స్‌లో వివరాలు సరిచేయమని దరఖాస్తు పెట్టాను.