రంగు పెన్సిళ్లు సర్దుకుందాం – మూడో పాఠం: చీటీ ఏ చివర అంటించాలి?

పోయిన వారం ప్రతి పెన్సిల్‌తోనూ డ్రాయింగ్ షీటు మీద ఒక్కో గడి నింపమన్నాను, సగం గడి చెయ్యి తేల్చి, సగం గడి బాగా ఒత్తి. ఆ షీటు పక్కన పెట్టుకుని కూర్చోండి. అది లేకుండా ఇవాళ్టి పని కాదు.

ఇవాళ ప్రతి పెన్సిల్‌కూ దాని రంగు రాసిన చీటీ అంటించడం నేర్చుకుందాం. అసలు చీటీలు ఎందుకో ముందు చెప్తాను. నల్లగొండలో మా ఇంటికి ఆదివారం వాడకట్టు పిల్లలు బొమ్మలు గీయడానికి వస్తారు. దసరా ముందు అందరం పాలపిట్టను గీస్తున్నాం. పండుగనాడు చూడాలని ఊరి బయటికి వెళ్లే పక్షి, పైగా మన రాష్ట్ర పక్షి. కొమ్మ మీద కూర్చున్నప్పుడు దాని సొగసు తెలియదు. రెక్క విప్పినప్పుడు రెండు నీలాలు పట్టీలుగా కనిపిస్తాయి. ఒకటి లేతది, ఆకుపచ్చ కలిసినట్టుంటుంది. రెండోది ముదురు, ఊదా వైపు మొగ్గుతుంది. ఒక పాప నా డబ్బాలోంచి రెండు పెన్సిళ్లు తీసి, "అక్కా, రెండూ నీలమే ఉన్నయి, ఏది వెయ్యాలె?" అని అడిగింది. కర్ర మీది రంగు చూసి ఒకటి చేతికిచ్చాను. లేత పట్టీ రావాల్సిన చోట ఊదా నీలం పడింది. ఒత్తి వేసిన రంగు రబ్బరుతో పూర్తిగా పోదు కదా. రెండు గంటలు కూర్చుని గీసిన రెక్క అది. ఆ రోజు నుంచి కర్ర మీది రంగును నమ్మడం మానేశాను.

ఆ రెండింటిలో ఒకటి అల్ట్రామెరీన్, ఇంకొకటి థాలో బ్లూ. ఫేబర్-కాస్టెల్ కంపెనీ పాలిక్రోమోస్ పెన్సిళ్లున్నవాళ్లు 120, 110 నంబర్లవి తీసి చూడండి. అల్ట్రామెరీన్‌లో ఎరుపు ఛాయ ఉంటుంది, అందుకే గులాబీతో కలిపితే శుభ్రమైన వంగపండు రంగు వస్తుంది. థాలోలో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, లేత పసుపు మీద వేస్తే మంచి చిలకపచ్చ వస్తుంది. తారుమారు చేస్తే రెండూ మురికిగా తేలతాయి. కాబట్టి చీటీ మీద "నీలం" అని రాస్తే చాలదు, ఆ నీలం ఎటు మొగ్గుతుందో కూడా రాయాలి.

ఇప్పుడు పని. పొద్దున పదింటికి వరండాలో నీడపట్టున చాప పరిచి, షీటు చూస్తూ పెన్సిళ్లను కుటుంబాలుగా విడదీయండి. రాత్రి బల్బు కింద చేయొద్దు, పసుపు వెలుతురులో లేత పసుపుకూ తెలుపుకూ తేడా తెలియదు. కుటుంబాలు ఇవి: పసుపు, నారింజ, ఎరుపు, గులాబీ, ఊదా, నీలం, ఆకుపచ్చ, మట్టి రంగులు, బూడిద-నలుపు. చీటీ మీద మొదటి అక్షరం చాలు. "పచ్చ" అని మాత్రం ఎక్కడా ఒంటరిగా రాయొద్దు. మన భాషలో పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. పండుటాకునూ పచ్చగా ఉందంటాం, వరి నాటిన మడినీ పచ్చగా ఉందంటాం. పసుపుకు "ప", ఆకుపచ్చకు "ఆ" అని ఖాయం చేసుకోండి.

అక్షరం పక్కన అంకె. 1, 2, 3 అని కాకుండా 10, 20, 30 అని వేయండి, లేతది ముందు, ముదురుది వెనక. రేపు కొత్త నీలం కొంటే నీ 20కీ నీ 30కీ మధ్య నీ 25గా కూర్చుంటుంది, పాత చీటీలు పీకే పని ఉండదు. మొదటిసారి నేను వరుస అంకెలు వేసి, ఒక్క నారింజ పెన్సిల్ కొన్నందుకు పదకొండు చీటీలు మార్చాను.

అంకె కింద చిన్నగా పేరు. ఇక్కడ ఇంగ్లీషు పేర్ల కోసం తడుముకోనక్కర్లేదు. గద్వాల, నారాయణపేట చీరలు కొనే మన అమ్మలను అడగండి, నెమలికంఠం, మావిచిగురు, ఉల్లిపొర, గంధం, నేరేడు, మైలుతుత్తం, కనకాంబరం అంటూ వరసగా చెప్తారు. ఆ మాటల్లో రంగు ఎటు మొగ్గుతుందో కూడా ఉంటుంది. నా అల్ట్రామెరీన్ మీద "శంఖుపువ్వు" అని రాసుకున్నాను. తంగేడు పువ్వును తలపించే పసుపు మీద "తంగేడు". కంపెనీ పేరు, నంబరు మాత్రం షీటు మీద ఆ గడి పక్కనే రాసిపెట్టండి, అయిపోయాక అదే కొనాలంటే కావాలి. రెండు కంపెనీల్లో పేరు ఒకటే అయినా రంగు ఒకటే కాదు.

చీటీ తయారీకి తెల్ల కాగితాన్ని సెంటీమీటరు వెడల్పు, మూడు సెంటీమీటర్ల పొడవున కత్తిరించండి. మామూలు పెన్సిల్ చుట్టుకొలత రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది కాబట్టి అంచు మీద అంచు ఎక్కుతుంది. అంటించే ముందే బాల్‌పెన్నుతో రాయండి, జెల్ పెన్ను చెమట చేతికి అలుక్కుపోతుంది. పలచగా ఫెవికాల్ రాసి, చెక్కే మొనకు అవతలి చివర చుట్టండి. పెన్సిల్ బొటనవేలంత అయ్యేదాకా పేరు నిలుస్తుంది. రెండు వైపులా చెక్కే అలవాటుంటే ఇవాళ్టి నుంచి మానుకోండి. చీటీ మీద సెల్లోటేపు వేయొద్దు. మన ఎండాకాలం సంగతి తెలిసిందే, మే నెలలో రేకుల గదిలో దాని జిగురు కరిగి పెన్సిళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. నా నీలాలు రెండు వేసవులు అట్లా పాడయ్యాయి.

ఈ వారం అన్నిటికీ కాదు, ఒక్క నీలాలకూ ఆకుపచ్చలకూ చేయండి. చేయి తిరిగాక మిగతావి తొందరగా అయిపోతాయి.

ఇంకో చిన్న పని. ఒక కాగితం పట్టీ మీద మీ గులాబీలూ ఊదాలూ వరసగా పూయండి. వెలుతురుకు ఎక్కువగా వెలిసిపోయేవి ఇవే. సగం మీద మందపాటి అట్ట కప్పి, ఎండ పడే కిటికీ అద్దానికి రంగు బయటికి కనిపించేలా అంటించండి. వెనకాల ఇవాళ్టి తేదీ వేయండి. పన్నెండో పాఠం నాడు అట్ట తీద్దాం.