కార్ట్రిడ్జ్ పాతది, టర్న్‌టేబుల్ కొత్తది: తేడా ఎక్కడ కొడుతోంది?

ఇంట్లో మంచి కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే చిన్న డబ్బీ) ఉంది, పాత టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) మూలపడింది. బడ్జెట్‌లో కొత్తది కొని, కార్ట్రిడ్జ్ దానికి బిగించారు. పాట మాత్రం సరిగ్గా రావడం లేదు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం ఇవే. వచ్చినవాళ్లంతా ముందు బెల్టు అంటారు, మోటారు అంటారు. ముల్లు మీద పడే బరువు చూశారా అని అడిగితే "డయల్ మీద 2 దగ్గర పెట్టాం కదండీ" అంటారు. అది చూడటం కాదు.

సమస్య: ముల్లు జారుతోంది, "స", "శ" వచ్చినప్పుడల్లా గొంతు చీరుకుపోతోంది

కారణం పదిలో ఎనిమిదిసార్లు ముల్లు మీద పడే బరువే. ముందు ఆంటీ-స్కేట్ (ఆర్మ్ లోపలికి జారకుండా లాగి ఉంచే సర్దుబాటు) సున్నాలో పెట్టి, కార్ట్రిడ్జ్‌ను మోసే ఆర్మ్ గాల్లో త్రాసులా సమంగా నిలిచేదాకా కౌంటర్ వెయిట్ (ఆర్మ్ వెనక చివర ఉండే బరువు) తిప్పాలి. అప్పుడు వెయిట్‌ను కదలనివ్వకుండా అంకెల రింగును మాత్రమే సున్నాకు తేవాలి. ఆ తర్వాతే బరువు పెట్టాలి. ఇవన్నీ చేయకపోతే డయల్ మీద అంకెకు విలువ లేదు. ముల్లు బరువు చూసే చిన్న డిజిటల్ త్రాసు కొన్ని వందల్లో దొరుకుతుంది, కొనేయండి. నగల త్రాసు వాడితే పళ్లెం ఇనుముది కాకూడదు. కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం పళ్లేన్ని లాగితే అంకె తప్పు వస్తుంది.

ఎంత పెట్టాలి అన్నది కార్ట్రిడ్జ్‌ను బట్టి ఉంటుంది, టర్న్‌టేబుల్‌ను బట్టి కాదు. ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు, ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఈకి 2, డెనాన్ డీఎల్-103కి 2.5. కొత్త టర్న్‌టేబుల్ పుస్తకంలో రాసింది దాంతో పాటు వచ్చిన కార్ట్రిడ్జ్ కోసం. మీరు దాన్ని విప్పేశారు కదా.

సమస్య: సౌండ్ మరీ తక్కువ, లేదా చెవులు పగిలేలా చెదిరిపోతోంది

చెదిరిపోతుంటే టర్న్‌టేబుల్ వెనక స్విచ్ లైన్ మీద ఉండి (అంటే లోపలి ప్రీఆంప్ ముల్లు సిగ్నల్‌ను పెంచుతోంది), వైరు ఆంప్లిఫయర్ ఫోనో సాకెట్‌లో (అదీ పెంచేదే) ఉంది. సిగ్నల్‌ను రెండుసార్లు పెంచుతున్నారు. ఒకటి మార్చండి. మరీ తక్కువైతే మీది ఎంసీ (మూవింగ్ కాయిల్, తీగచుట్ట కదిలే రకం) కార్ట్రిడ్జ్ అయి ఉంటుంది. డీఎల్-103 ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులు, 2ఎం రెడ్ లాంటి ఎంఎం (మూవింగ్ మాగ్నెట్, అయస్కాంతం కదిలే రకం) ఇచ్చేది 5.5. చవక టర్న్‌టేబుళ్లలో ఉండే ప్రీఆంప్ సాధారణంగా ఎంఎం కోసమే. ఎంసీకి విడిగా ప్రీఆంప్ కొనాలి, ఆ ఖర్చు ముందే బడ్జెట్‌లో వేసుకోండి.

సమస్య: పాట లేకపోయినా ఊఫర్ (స్పీకర్‌లో బేస్ పలికే పెద్ద భాగం) లోపలికీ బయటికీ ఊగుతోంది, కాస్త వంగిన రికార్డు మీద ముల్లు ఎగురుతోంది

నన్ను ఏడాది పాటు ఏడిపించింది ఇదే. అప్పట్లో నా దగ్గర ఒక పాత జపాన్ కార్ట్రిడ్జ్ ఉండేది. దానికోసం ఎస్ ఆకారపు బరువైన ఆర్మ్ ఉన్న టర్న్‌టేబుల్ చవకగా దొరికితే కొన్నాను. ఊఫర్లు ఊపిరి పీల్చి వదిలినట్టు ఊగేవి. బెల్టు మార్చాను, కింద రబ్బరు కాళ్లు మార్చాను, బల్ల మార్చాను, చివరికి ఆంప్లిఫయర్ విప్పాను. దేనిలోనూ లోపం లేదు. కార్ట్రిడ్జ్ బాగుంది, ఆర్మ్ బాగుంది, రెండూ కలిస్తేనే బాగా లేదు.

ముల్లును పట్టుకున్న సన్నటి కడ్డీ ఒక రబ్బరు మీద ఆని ఉంటుంది. ఆ రబ్బరు స్ప్రింగు లాంటిది, దాని మీద ఊగే బరువు మీ ఆర్మ్. ఊయలకు ఉన్నట్టే ఈ జోడీకీ తనదైన ఊపు ఒకటి ఉంటుంది. అది 8 నుంచి 12 హెర్ట్జ్ (సెకనుకు అన్ని ఊపులు) మధ్య ఉండాలి. ఎందుకంటే రికార్డు వంకరలు కదిపేది దానికి కింద, పాట మొదలయ్యేది దానికి పైన 20 దగ్గర. ఊపు 7కు దిగితే ప్రతి వంకరా దాన్ని తోస్తుంది. మన ఎండలకు బీరువా మీద పడి ఉన్న ఎల్పీల్లో వంకర లేనిది ఎక్కడుంది?

లెక్క చాలా తేలిక. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (ఊగేటప్పుడు ఆర్మ్ చూపే బరువు), కార్ట్రిడ్జ్ బరువు, స్క్రూల బరువు కలపండి. దాన్ని కార్ట్రిడ్జ్ కంప్లయన్స్‌తో (ఆ రబ్బరు ఎంత మెత్తనిదో చెప్పే అంకె) గుణించి వర్గమూలం తీయండి. 159ని దానితో భాగించండి. నాది మొత్తం 27 గ్రాములు, కాగితం మీద కంప్లయన్స్ 10. వచ్చింది 9.7 హెర్ట్జ్. ఇంతకంటే చక్కటి జోడీ ఉండదు అనుకున్నాను.

మోసం ఆ 10లో ఉంది. జపాన్ కంపెనీలు చాలావరకు కంప్లయన్స్‌ను 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి రాస్తాయి. మన లెక్కకు కావాల్సింది 10 హెర్ట్జ్ దగ్గరి అంకె. అది కావాలంటే కాగితం మీది అంకెను సుమారుగా 1.5 నుంచి 2తో గుణించాలి. నాది 10 కాదు, 18కి దగ్గర. మళ్లీ లెక్కేస్తే 7.2. ఏటీ-వీఎం95ఈ కాగితంలో రెండు అంకెలు కనిపిస్తాయి: స్టాటిక్ (ఊపకుండా కొలిచింది) 20, 100 హెర్ట్జ్ దగ్గర 7. రెండూ నేరుగా పనికిరావు, అసలుది మధ్యలో ఎక్కడో ఉంటుంది. తమకు నచ్చిన అంకె పట్టుకుని నాతో వాదించినవాళ్లు ఉన్నారు.

ఖాయం చేసుకోవడానికి: ముల్లు ఎత్తేయండి, ఊఫర్ ఆగిపోవాలి. ఆగకపోతే సమస్య టర్న్‌టేబుల్‌లో లేదు. ఆగితే మీ దగ్గరున్న అన్నిటికంటే చదునైన రికార్డు పెట్టి, పాటకూ పాటకూ మధ్య ఖాళీలో చూడండి. ఊపు బాగా తగ్గితే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: బరువు తగ్గించాలి. నేను 14 గ్రాముల హెడ్‌షెల్ (ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్ బిగించే ముక్క) తీసి 7 గ్రాములది పెట్టాను, ఊపు 8.4కు వచ్చింది, ఊఫర్లు నిలబడ్డాయి. స్క్రూలు కూడా అల్యూమినియంవి వాడండి. ఇవేవీ కుదరకపోతే ప్రీఆంప్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (చెవికి వినపడని అడుగు ఊపులను వడకట్టేది) వేసుకోవచ్చు. అది ఊఫర్‌ను ఆపుతుంది గానీ ముల్లు ఎగరడాన్ని ఆపదు.

దీనికి తలకిందుల కేసు కూడా ఉంది. డీఎల్-103 బిగుతైన కార్ట్రిడ్జ్, కంప్లయన్స్ 100 హెర్ట్జ్ దగ్గర 5, అంటే మన లెక్కకు 10 అనుకోండి. బరువు 8.5 గ్రాములు. దాన్ని ప్రో-జెక్ట్ డెబ్యూ కార్బన్ లాంటి 6 గ్రాముల తేలికపాటి ఆర్మ్‌కు పెడితే 13 హెర్ట్జ్ వస్తుంది, బేస్ స్వరాల దగ్గర ముల్లుకు పట్టు ఉండదు. కార్ట్రిడ్జ్‌కూ హెడ్‌షెల్‌కూ మధ్య 4 గ్రాముల ఇత్తడి పలక పెడితే 11.5కు దిగుతుంది. కౌంటర్ వెయిట్ సరిపోతుందో లేదో చూసుకుని, ముల్లు బరువు మళ్లీ కొలవండి. అదే కార్ట్రిడ్జ్‌ను టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 తరహా 12 గ్రాముల ఆర్మ్‌కు పెడితే ఈ తిప్పలేవీ ఉండవు.

అందుకే ఇంకా కొననివాళ్లకు నేను చెప్పేది ఒకటే: చెక్క అందం, బ్లూటూత్ పక్కన పెట్టి హెడ్‌షెల్ విడిగా ఊడివస్తుందో లేదో చూడండి. ఊడితే బరువు రెండు వైపులా సర్దుకోవచ్చు, ఊడకపోతే పెంచడమే గానీ తగ్గించడం కష్టం. ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్‌పీ60ఎక్స్ లాంటివాటిలో అయితే కార్ట్రిడ్జ్ మార్చే వీలే లేదు, ముల్లు ఒక్కటే మారుతుంది.

సమస్య: పాట నీరసంగా, గొంతు లావుగా

టర్న్‌టేబుల్ అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిందా? అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఏసీ సింక్రనస్ మోటారైతే (కరెంటు హెర్ట్జ్‌ను బట్టి వేగం ఉండేది) ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110 వోల్టులు ఇచ్చినా నిమిషానికి 33 బదులు 28 చుట్లే తిరుగుతుంది. 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారు మీద బెల్టు తిప్పే చక్రం) దొరికితే మార్చాలి. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారుకు ఈ గొడవ లేదు.

మిగతావి

హమ్ (గుయ్‌మనే మోత) వస్తే ఎర్త్ వైరు ఆంప్లిఫయర్‌కు తగిలించండి. ఒక పక్క సౌండ్ రాకపోతే హెడ్‌షెల్ వైర్లు చూడండి: తెలుపు, నీలం ఎడమకు, ఎరుపు, ఆకుపచ్చ కుడికి. ఆర్మ్ బేరింగ్ అరిగిందని, ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) వంగిందని అనుమానపడేవాళ్లు చాలామంది ఉంటారు. అలాంటివి నేను చూసింది వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.