‘ఆయన మేక’ అని రాకూడదంటే: ఇంగ్లీషు వాడుక మాటలు తెలుగులో తేడా కొడితే ఏం చూడాలి

ఒక బాస్కెట్‌బాల్ డాక్యుమెంటరీ. పదహారేళ్ల కుర్రాడు తన అభిమాన ఆటగాడి గురించి ఊగిపోతూ చెబుతున్నాడు. కింద తెలుగు సబ్‌టైటిల్‌లో ‘ఆయన మేక’ అని పడింది. ఇంగ్లీషులో వాడన్నది ‘గోట్’. అంటే ‘గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్’కి పొడి అక్షరాలు. తొలి డ్రాఫ్టు మెషీన్ చేసింది, దానికి పాపం తెలీదు. తర్వాత చెక్ చేయాల్సిన మనిషి రాత్రి ఒంటిగంటకి కునికిపాట్లు పడుతూ వదిలేశాడు. ఆ మనిషిని నేనే.

అప్పట్నుంచి తేడా కొట్టిన ప్రతి లైనునీ ముందు ఒకటే అడుగుతున్నాను: ఏ రకంగా తేడా కొట్టావు? ఎందుకంటే అన్నిటికీ మందు ఒకటి కాదు. నేను చూసేది సబ్‌టైటిల్స్ కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే. కథ అనువదించేవాళ్లకీ, ఆఫీసు మెయిల్ తెలుగు చేసేవాళ్లకీ కూడా ఇవే తగులుతాయి.

సమస్య: సీనులో లేని జంతువో వస్తువో ఊడిపడింది

‘పవిత్రమైన ఆవు!’, ‘టోపీ లేదు, బ్రో’, ‘ఈ పాట జబ్బుగా ఉంది’.

కారణం చెప్పనక్కర్లేదు, మాటకి మాట పెట్టారు. ‘హోలీ కౌ’ ఆశ్చర్యంతో అనే అరుపు. మనకి ‘వామ్మో’, ‘ఓర్నాయనో’ ఉండనే ఉన్నాయి. ‘సిక్’ అని కుర్రాళ్లు పాటని మెచ్చుకుంటే ‘అదిరింది’. ‘నో క్యాప్’లో క్యాప్ అంటే అబద్ధం, కాబట్టి ‘ఒట్టు’, ‘నిజంగా రా’. తమాషా ఏంటంటే మనకీ ‘టోపీ పెట్టడం’ అంటే మోసం చేయడమే. అయినా ‘టోపీ లేదు’ అంటే ఎవరికీ ఎక్కదు. బొమ్మ ఒకటే అయినంత మాత్రాన నుడికారం ఒకటి కాదు.

పరిష్కారం: డిక్షనరీలో పదాన్ని కాదు, మొత్తం మాటని కలిపి వెతకండి. ఇలాంటి తప్పులు తెలుగు లైన్లు మాత్రం చదివినా దొరికిపోతాయి. వీడియో ఆపేసి, తెలుగు ఫైలు ఒక్కటీ పైనుంచి కిందికి చదవండి. మేకలూ టోపీలూ వాటంతటవే చేతులెత్తుతాయి.

సమస్య: లైను శుభ్రంగా ఉంది, కానీ అవతలివాడి జవాబు అతకట్లేదు

అన్నిట్లోకీ ప్రమాదం ఇదే. వ్యాకరణం బాగుంటుంది, అర్థమూ ఉంటుంది, అందుకే చెక్ చేసేవాడి కంటికి ఆనదు.

ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర ఇద్దరు. ఒకామె ‘ఈ మేనేజరుతో చచ్చిపోతున్నా’ అంటుంది. రెండో ఆమె ‘టెల్ మీ అబౌట్ ఇట్’ అంటుంది. సబ్‌టైటిల్‌లో ‘దాని గురించి నాకు చెప్పు’ అని వచ్చింది. చూసేవాళ్లు ఇప్పుడు మొదటామె చెబుతుందని ఎదురుచూస్తారు. ఆమె ఏమీ చెప్పదు, కప్పు తీసుకుని వెళ్లిపోతుంది. సీను విరిగిపోయింది. అక్కడ రెండో ఆమె అడగట్లేదు, వంత పాడుతోంది. ‘నీకొక్కదానికేనా!’ అనో ‘నాకు తెలీదా ఏంటి!’ అనో పడితే, ఆమె కప్పు తీసుకుని వెళ్లడం కూడా అతుకుతుంది.

ఈ జాతివి చాలా ఉన్నాయి. టీ ఇస్తానంటే ‘ఐయామ్ గుడ్’ అన్నాడు, అంటే ‘వద్దులే’. ‘నేను బాగున్నాను’ కాదు. స్నేహితురాలికి పెళ్లి కుదిరిందని విని ‘షటప్!’ అంది, అంటే ‘ఛా, నిజమా!’. నోరు మూసుకోమని కాదు. ‘గెటౌట్ ఆఫ్ హియర్’ కూడా నవ్వుతూ అంటే అదే. ‘యా, రైట్’ అని సాగదీస్తే ఒప్పుకున్నట్టు కాదు, ‘చెప్పొచ్చావులే’ అని. ‘కెన్ ఐ ట్రై?’ అన్నవాడికి ‘నాక్ యువర్‌సెల్ఫ్ ఔట్’ అని జవాబొస్తే ‘కానీ, నీ ఇష్టం’. తలుపుకేసి కొట్టుకోమని ఎవరూ చెప్పట్లేదు.

పరిష్కారం: లైనుని దాని తర్వాతి లైనుతో కలిపి చదవండి. ఎదుటివాడు ఏ మాటకి జవాబిచ్చినట్టు జవాబిచ్చాడో, అసలు అన్న మాట అదే. తర్వాతి లైను లేకపోతే మొహం చూడండి. మొహం కనబడని ఆడియో పని అయితే గొంతు వినండి. కాగితం మీద స్క్రిప్టు మాత్రమే ఇచ్చి పని చేయమనేవాళ్లకి నేనైతే వీడియో పంపమనే చెబుతాను.

సమస్య: తెలుగు నుడికారం పడింది, కానీ పక్క నుడికారం పడింది

‘పీస్ ఆఫ్ కేక్’ అనగానే చేతికి మూడు వస్తాయి: నల్లేరు మీద బండి నడక, వెన్నతో పెట్టిన విద్య, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు. మూడూ ‘తేలిక’ అనే గూట్లోనే ఉన్నా మూడూ ఒకటి కాదు. పని తేలికైతే నల్లేరు. మనిషికి ఆ పని చిన్నప్పట్నుంచీ చేతనైతే వెన్న. ఎవరో విడమరిచి చెప్పడం వల్ల తేలికైతే అరటిపండు. తాళం తీయబోతూ దొంగ ‘పీస్ ఆఫ్ కేక్’ అన్నాడనుకోండి, వీటిలో ఏదీ వద్దు. ‘చిటికెలో పని’ అంటే చాలు. వాడికి టైము లేదు, మనకీ చోటు లేదు. సబ్‌టైటిల్ అంటే సాధారణంగా రెండు లైన్లు, లైనుకి 40 అక్షరాలు అటూఇటూ.

‘స్పిల్ ద బీన్స్’ దగ్గర ఒక ప్రశ్న వేసుకోవాలి: కావాలని చెప్పాడా, పొరపాటున వచ్చేసిందా? కావాలని అయితే ‘గుట్టు విప్పాడు’. పొరపాటున అయితే ‘నోరు జారాడు’. ఎప్పుడూ అంతే అయితే ‘వాడి నోట్లో నువ్వుగింజ నానదు’. వాళ్లకి చిక్కుడు గింజలు ఒలికితే, మనకి నువ్వుగింజ కూడా నానదు. ఇలాంటివి దొరికిన రోజు నాకు పండగే.

‘పుల్లింగ్ మై లెగ్’ మరో ఉచ్చు. మన దగ్గరా కాళ్లు లాగడం ఉంది, కానీ అది ఎదుగుతున్నవాణ్ణి కిందికి పడేయడం. ఇంగ్లీషులో ఉత్త వేళాకోళం. ‘నన్ను ఆట పట్టిస్తున్నావా?’ అనాలి.

ఇక చావు. ‘కిక్ ద బకెట్’కి ‘బాల్చీ తన్నేశాడు’ అని తెలుగులోనే వాడుక ఉంది, కాబట్టి కళ్లు మూసుకుని పెట్టేస్తారు. కానీ చావుకి మన దగ్గర నిచ్చెన పొడుగ్గా ఉంది. పరమపదించారు, కాలం చేశారు, కన్నుమూశాడు, పోయాడు, హరీమన్నాడు, గుటుక్కుమన్నాడు, టపా కట్టేశాడు, బాల్చీ తన్నేశాడు. ఏ మెట్టు మీద నిలబడాలన్నది చచ్చినవాణ్ణి బట్టి కాదు, ఆ మాట అంటున్నవాడికీ పోయినవాడికీ మధ్య ఉన్నదాన్ని బట్టి. ముసలి భర్త పోయిన భార్య, కళ్లు తుడుచుకుంటూ నవ్వే ప్రయత్నం చేస్తూ ‘హి కిక్డ్ ద బకెట్’ అంటే, అక్కడ బాల్చీ మోటుగా మోగుతుంది. ‘నన్నొదిలేసి చక్కాపోయాడు మహానుభావుడు’ అని రాశాను ఒకసారి. అందులో బకెట్టూ లేదు, తన్నడమూ లేదు, కానీ ఆమె గొంతు ఉంది.

సమస్య: మాట్లాడేది న్యూయార్క్ పోలీసు, వినబడేది మా ఊరి కరణం

కారణం ఉత్సాహం. ప్రతి నుడికారానికీ ఒక సామెత తొడగాలన్న పట్టుదలతో డిటెక్టివ్ నోట ‘రామాయణంలో పిడకల వేట’ పెట్టేస్తారు. రాముడూ, తిరుపతి, పంచె, పప్పన్నం ఉన్న మాటలు ఆ మనిషిని తెచ్చి మన అరుగు మీద కూర్చోబెడతాయి. ‘అమావాస్యకో పున్నానికో’ మాత్రం ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’కి నిస్సంకోచంగా వాడతాను. చంద్రుడు అందరివాడు. ‘కుండపోత వాన’ కూడా అంతే.

ఆటల మాటల దగ్గర నా పద్ధతి ఇది. అమెరికా వాళ్ల ‘బాల్‌పార్క్ ఫిగర్’, ‘టచ్ బేస్’, ‘ఔట్ ఆఫ్ లెఫ్ట్ ఫీల్డ్’ బేస్‌బాల్ నుంచి వచ్చినవి. మనకి బేస్‌బాల్ తెలీదు, క్రికెట్ వస్తుంది కదా అని సిక్సర్లు, యార్కర్లు దింపకూడదు. ‘సుమారుగా’, ‘ఒకసారి మాట్లాడుకుందాం’, ‘అనుకోకుండా వచ్చిపడింది’ అని ఆట లేకుండా చెప్పేయడమే మేలు. సినిమా ఇంగ్లండుదై, పాత్ర చిక్కులో పడి ‘స్టిక్కీ వికెట్’ అంటే మాత్రం క్రికెట్ వాసన ఉంచుకోవచ్చు, అది అక్కడిదే.

దీనికి తలకిందులు జబ్బు పేపరు భాష. ‘టీకప్పులో తుఫాను’, ‘మొసలి కన్నీరు’, ‘బంతి ఇప్పుడు వారి కోర్టులో ఉంది’ తెలుగులో ఎప్పుడో స్థిరపడ్డాయి, తప్పేం లేదు. కానీ అవి సంపాదకీయాల్లో స్థిరపడ్డాయి. అన్నంతినేటప్పుడు అక్కాచెల్లెళ్లు తగువులాడుకుంటూ ‘బంతి నీ కోర్టులో ఉంది’ అనుకోరు. ‘ఇక నీ ఇష్టం’ అనుకుంటారు.

సమస్య: ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకుండా పోయింది

ఇంగ్లీషు ‘డూడ్’ మగవాణ్ణీ, ఆడమనిషినీ, ఒక్కోసారి కుక్కనీ పిలుస్తుంది. తెలుగు అలా ఊరుకోదు. ఇద్దరు కుర్రాళ్లయితే ‘రా’, ఇద్దరు ఆడపిల్లలైతే ‘వే’, అందరూ కలిసి ఉంటే ‘ఏంటర్రా’. చాలాసార్లు ‘డూడ్’కి విడిగా పదమే అక్కర్లేదు, క్రియ తోకలో ఇమిడిపోతుంది: ‘ఎక్కడున్నావ్‌రా’. ‘మామా’, ‘బావా’, ‘కాకా’ వినడానికి బాగుంటాయి, కానీ ప్రతిదానికీ ఒక ప్రాంతం ఉంది. ఒక ఎపిసోడ్‌లో ‘కాకా’ అన్నవాడు తర్వాతి ఎపిసోడ్‌లో ‘బావా’ అంటే చూసేవాళ్లు వెంటనే పట్టేస్తారు.

‘హనీ’ ఇంకా చిక్కు. హోటల్లో పెద్ద వయసు వెయిట్రెస్ కుర్ర డ్రైవరుని ‘హనీ’ అంటుంది. ‘బంగారం’ అని రాస్తే కథలో లేని ప్రేమ మొదలవుతుంది. ‘ఏం కావాలి బాబూ?’ చాలు. అదే ‘హనీ’ భార్య నోట వస్తే ‘ఏవండీ’నా, పేరా అన్నది ఆ జంట వయసుని బట్టి తేల్చుకోవాలి. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక కాగితం మీద ఎవరు ఎవర్ని ‘నువ్వు’ అంటారో, ‘మీరు’ అంటారో రాసిపెట్టుకోండి. ఇది చేయక నేను ఒక సిరీస్ మొత్తం తిరిగి దిద్దాను.

సమస్య: తిట్టు చప్పగా ఉంది, లేదా మరీ మంటగా ఉంది

ఎఫ్‌తో మొదలయ్యే ఆ మాటని ఇంగ్లీషువాడు కాలి వేలు గడపకి తగిలినా వాడతాడు, లాటరీ తగిలినా వాడతాడు. మన ఘాటైన తిట్లు సాధారణంగా ఎదుటివాడి అమ్మ మీదికో, పుట్టుక మీదికో పోతాయి. గడప మీద అరవాల్సిన చోట అవి పెడితే పక్కనున్నవాణ్ణి తిట్టినట్టవుతుంది. వస్తువు మీదైతే ‘దిక్కుమాలిన ఫోను’. సంతోషమైతే ‘అదిరిపోయింది’. మనిషి మీద నిజంగా కోపమైతే వేడిని క్రియలోకి ఎక్కించండి: వెళ్లు, పో, పోరా, తగలడు.

సమస్య: అర్థం సరిగ్గా తిరగబడింది

మాట్లాడేవాడు ఏ దేశం వాడో చూడలేదు. ‘పిస్డ్’ అంటే అమెరికాలో కోపంగా ఉన్నాడని, బ్రిటన్‌లో తాగి ఉన్నాడని. ‘టేబుల్’ చేయడమంటే బ్రిటన్‌లో చర్చకి పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల వాళ్లూ చాలాసేపు గట్టిగా వాదించుకున్నారనీ, చివరికి ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని తేలిందనీ చర్చిల్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అమెరికా వాళ్ల ‘ఐ కుడ్ కేర్ లెస్’ మరీ అన్యాయం. మాటకి మాట చూస్తే ఇంకా కొంత లెక్క ఉన్నట్టే, కానీ ‘నాకేం లెక్కలేదు’ అనడానికే దాన్ని వాడతారు.

సమస్య: మాటకి వయసు తప్పింది

1960ల కథలో మెచ్చుకోలుగా ‘గ్రూవీ’ అన్నవాడి నోట ‘కిరాక్’ పెట్టకండి. ‘రిజ్’ లాంటి కొత్త మాటకి కొత్త తెలుగు మాట వెతికి అలసిపోకండి కూడా. 2023లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని ఆ ఏటి మాటగా ఎంచారు, కానీ రేపటికి అది ఉంటుందన్న హామీ లేదు. ‘అమ్మాయిల్ని భలే బుట్టలో వేస్తాడు’ అంటే పదేళ్ల తర్వాత చూసినా అర్థమవుతుంది. ‘కూల్’, ‘బ్రో’ తెలుగులోనే ఉన్నాయి, వదిలేయండి.

సమస్య: నుడికారం మాటలో ఉంది, దాని బొమ్మ తెర మీద ఉంది

దీనికి రెడీమేడ్ మందు లేదు. స్టేజీ వెనక డైరెక్టరు నటుడికి శుభం పలుకుతూ ‘బ్రేక్ ఎ లెగ్’ అంటాడు, నటుడు మెట్ల మీద జారి నిజంగానే కాలు విరగ్గొట్టుకుంటాడు. ‘దుమ్ము దులిపెయ్’ అంటే శుభాకాంక్ష వస్తుంది, జోకు పోతుంది. ‘కాలు విరగ్గొట్టుకో’ అంటే డైరెక్టరు శాపం పెట్టినట్టుంటుంది. మనకి నడుములు విరిగేలా పని చేయడం ఉంది కదా అని అక్కడ పట్టుకున్నాను. ‘ఇవాళ కాళ్లు విరిగిపోయేలా ఆడాలి సుమా!’ అని పంపాను. క్లయింటు ఓకే చేశాడు. ‘సుమా’ ఒక్కటీ తీసేయమన్నాడు.